సెన్సార్‌షిప్ ఎదుట ఉచిత ప్రాక్సీలు
(స్మారకోపన్యాసం)

ప్రాక్సీ సర్వర్ అంటే ఒకరి తరఫున మరొకరితో మాట్లాడే మధ్యవర్తి కంప్యూటర్. టెహ్రాన్‌లో ఉన్న మనిషి బీబీసీ పర్షియన్ పేజీ తెరవబోతే ఆ దేశపు నెట్‌వర్క్ అడ్డుపడుతుంది. అదే మనిషి టొరంటోలో ఎవరిదో ఒక మామూలు కంప్యూటర్‌ను పట్టుకుని, ఆ పేజీ తెచ్చిపెట్టమని అడిగితే, కాపలా కాసేవాళ్ల కంటికి టొరంటో అడ్రస్ ఒక్కటే కనబడుతుంది. దాని మీద నిషేధం లేదు కనుక దారి వదులుతారు. ఇంటికొచ్చే ఉత్తరాలను ఎవరో విప్పి చూస్తున్నారని తెలిసి పక్కింటి అడ్రస్‌కు రాయించుకోవడం లాంటిదే ఇది. ఇలాంటి కంప్యూటర్‌ను పైసా తీసుకోకుండా, పేరూ ఊరూ అడక్కుండా, కావలసినవాళ్లందరూ వాడుకోండని వదిలేస్తే అది ఉచిత ఉమ్మడి ప్రాక్సీ.

అందరికీ అందుబాటులో ఉండటమే దాని బలం. దాని చిక్కు కూడా అక్కడే ఉంది. అందరికీ చెప్పిన అడ్రస్ సెన్సార్ చేసేవాళ్లకూ చెప్పినట్టే. వాళ్లు దాన్నీ మూసేస్తారు. ఎవరికీ చెప్పకుండా దాచుకుంటే అవసరమున్నవాడికి చేరదు. రెండో చిక్కు మధ్యవర్తితో వస్తుంది. ముక్కూ మొహం తెలియని మనిషి చేతుల మీదుగా వెళ్లే సమాచారాన్ని ఆ మనిషి చూడగలడా, మార్చగలడా, ఎవరికైనా అమ్ముకోగలడా అన్నది తేలాలి. ఉచిత ప్రాక్సీల చరిత్ర అంతా ఈ రెండు చిక్కులను విప్పే ప్రయత్నమే.

ప్రాక్సీ పనితనం తెలియాలంటే ముందు నిషేధం ఎలా అమలవుతుందో తెలియాలి. అందుకు చైనాను మించిన ఉదాహరణ లేదు. 1994లో ఇంటర్నెట్‌తో పూర్తిస్థాయిలో కలిసిన ఆ దేశం, బయటి ప్రపంచానికి వెళ్లే దారులన్నీ ప్రభుత్వ అధీనంలోని కొద్ది ద్వారాల గుండానే పోవాలని 1996లోనే నిబంధన పెట్టింది. ఆ ద్వారాల దగ్గర కూర్చున్న వ్యవస్థనే లోకం గ్రేట్ ఫైర్‌వాల్ అంటోంది. అది ఒకే తాళం కాదు, అంచెలంచెలుగా వేసిన తాళాలు. సైటు పేరు చెప్పి దాని నంబరు (ఐపీ అడ్రస్) అడిగితే తప్పుడు నంబరు ఇవ్వడం ఒకటి. నిషేధిత ఐపీ అడ్రస్‌కు వెళ్లే సమాచారపు ప్యాకెట్లను దారిలోనే పారేయడం ఇంకొకటి. మూడోది మాటలను పట్టి అడ్డుకోవడం. పేజీలోనో, అడిగిన అడ్రస్‌లోనో నిషేధిత పదం కనబడగానే, సంభాషణ ముగిసిందని చెప్పే చిన్న ప్యాకెట్లను రెండు వైపులకూ ఎదుటివాళ్ల పేరుతో పంపి కనెక్షన్‌ను తెంచేస్తుంది. ఈ మూడో పద్ధతిని 2006లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పరిశోధకులు రిచర్డ్ క్లేటన్, స్టీవెన్ మర్డాక్, రాబర్ట్ వాట్సన్ పరిశీలించి ఒక చిత్రమైన సంగతి బయటపెట్టారు. ఆ దొంగ ప్యాకెట్లను రెండు వైపుల కంప్యూటర్లూ పట్టించుకోకపోతే పేజీ యథాతథంగా వచ్చేస్తోంది. అంటే అక్కడ దారి మూసి లేదు, ప్రయాణికులను అబద్ధం చెప్పి వెనక్కి పంపుతున్నారంతే.

ఈ తాళాల్లో ప్రాక్సీ వేటిని తీయగలదో, వేటిని తీయలేదో విడివిడిగా చూడాలి. ఐపీ అడ్రస్ నిషేధాన్ని అది సులువుగా దాటుతుంది. తప్పుడు నంబరు సంగతి మాత్రం ప్రాక్సీ రకాన్ని బట్టి ఉంటుంది. సాక్స్4 అనే పాత పద్ధతిలో సైటు నంబరును వాడుకరి కంప్యూటరే కనుక్కుని ప్రాక్సీకి చెప్పాలి. ఆ కనుక్కోవడం దేశం లోపలే జరుగుతుంది కాబట్టి దొరికేది తప్పుడు నంబరే. ప్రాక్సీ ఎంత మంచిదైనా తప్పుడు చోటికే వెళ్తుంది. సాక్స్5లో పేరునే ప్రాక్సీకి అప్పగించి, నంబరును బయట కనుక్కోమనవచ్చు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ సెట్టింగులలో డీఎన్‌ఎస్‌ను, అంటే నంబరు అడిగే ప్రశ్నను కూడా ప్రాక్సీ ద్వారానే పంపమనే చిన్న గడి ఉంది. దానికి టిక్కు పెట్టారా లేదా అన్నదాని మీదే ఒక్కోసారి మొత్తం పని ఆధారపడుతుంది.

మామూలు వెబ్ ప్రాక్సీలో ఇంకో లోపం ఉంది. అడ్రస్ https తో మొదలై, తాళం గుర్తు ఉన్న సైటు తెరిచేటప్పుడు బ్రౌజర్ ముందుగా ప్రాక్సీకి ఒక వరుస పంపుతుంది. ఫలానా సైటుకు, 443 నంబరు ద్వారానికి (పోర్టుకు) కలుపు అన్నదే అందులోని ఆదేశం. ఆ తర్వాత నడిచేదంతా ఎన్‌క్రిప్షన్ లోపలే, అంటే ఇతరులు చదవలేని సంకేత రూపంలోనే ఉన్నా, ఈ మొదటి వరుస మాత్రం వాడుకరి నుంచి ప్రాక్సీ దాకా బాహాటంగానే ప్రయాణిస్తుంది. దారిలో కాపు కాసినవాడు సైటు పేరును హాయిగా చదువుకోవచ్చు. అందుకే ప్రాక్సీ అడ్రస్ ఎవరికీ తెలియకపోయినా, చైనా లాంటి చోట అది చేతులెత్తేస్తుంది. వాడుకరికీ ప్రాక్సీకీ మధ్య కూడా ఎన్‌క్రిప్షన్ ఉంటేనే అది అక్కడ ప్రాక్సీ అనిపించుకుంటుంది.

ఈ ఉచిత ప్రాక్సీలు ఎక్కడి నుంచి వస్తాయన్నది చాలామంది అడగని ప్రశ్న. 1990లలో ఇంటర్నెట్ నిదానంగా నడిచే రోజుల్లో కాలేజీలూ కంపెనీలూ స్క్విడ్ వంటి సాఫ్ట్‌వేర్‌తో ప్రాక్సీలు పెట్టుకునేవి. ఒకరు తెచ్చుకున్న పేజీని దాచి ఉంచి, తర్వాత అడిగినవాళ్లకు అక్కడి నుంచే ఇవ్వడం వాటి పని. సెట్టింగుల్లో పొరపాటు వల్ల కొన్ని బయటివాళ్లకు కూడా తెరుచుకున్నాయి. 3128, 8080, 1080 పోర్టులను వరసపెట్టి తడుముతూ పోతే ఇలాంటివి దొరికేవి. వాటినే జాబితాలుగా పెట్టడం మొదలైంది. అంటే తొలినాళ్ల ఉచిత ప్రాక్సీల్లో చాలా వాటికి తాము ఉచితంగా పనిచేస్తున్నామని యజమానులకే తెలియదు. ఆ తర్వాత హ్యాకర్లు స్వాధీనం చేసుకున్న రౌటర్లు, ఇళ్లలోని కంప్యూటర్లు కూడా జాబితాలకెక్కాయి. మనసారా తెరిచి పెట్టినవాళ్లు ఉన్నారు, వలవేసి కూర్చున్నవాళ్లూ ఉన్నారు. బయటి నుంచి చూసేవాడికి మాత్రం అన్నీ ఒక నంబరూ ఒక పోర్టూ, అంతే. అమెరికాలోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయ బృందం 2018లో ప్రచురించిన అధ్యయనంలో 1,07,000కు పైగా ఇలాంటి ప్రాక్సీలను 50 రోజుల పాటు పరీక్షించింది. జాబితాల్లో ఉన్నవాటిలో 92 శాతానికి పైగా అసలు పలకనే లేదు.

సెన్సార్‌షిప్‌ను దాటడం కోసమే ప్రాక్సీలు తయారుచేసే ప్రయత్నాలు 2000 తర్వాత ఊపందుకున్నాయి. చైనాలో అణచివేతకు గురైన ఫాలున్ గాంగ్ అనే ఆధ్యాత్మిక ఉద్యమ అనుయాయులు అమెరికాలో ఉండి ఫ్రీగేట్, అల్ట్రాసర్ఫ్ అనే సాఫ్ట్‌వేర్లు రూపొందించారు. వాడుకరి అడ్రస్ వెతుక్కునే పని లేకుండా సాఫ్ట్‌వేరే తనకు తెలిసిన సర్వర్లను వెతికి పట్టుకునేది. 2006 డిసెంబరులో టొరంటో విశ్వవిద్యాలయంలోని సిటిజన్ ల్యాబ్ సైఫన్ అనే ప్రాక్సీ సాఫ్ట్‌వేర్‌ను విడుదల చేసింది. దాని తొలి రూపం వెనుక ఉన్న ఆలోచన చాలా మానవీయమైనది. స్వేచ్ఛ ఉన్న దేశంలోని మనిషి తన ఇంటి కంప్యూటర్‌లో దాన్ని పెట్టుకుని, అడ్రస్‌నూ పాస్‌వర్డ్‌నూ నిషేధం ఉన్న దేశంలోని తన బంధువుకో స్నేహితుడికో మాత్రమే ఇస్తాడు. అడ్రస్ బయటపడదు, మధ్యవర్తి పరాయివాడు కాడు. రెండు చిక్కులూ ఒక్కసారిగా తీరాయి. కానీ విదేశాల్లో నమ్మదగినవాళ్లు లేని కోట్లమందికి ఆ దారి లేదు. తర్వాతి కాలంలో సైఫన్ కూడా పెద్ద సర్వర్ల వ్యవస్థగా మారక తప్పలేదు.

2009 జూన్ 12న ఇరాన్‌లో అధ్యక్ష ఎన్నికలు జరిగి, ఫలితాలను నిరసిస్తూ జనం వీధుల్లోకి వచ్చినప్పుడు ఉచిత ప్రాక్సీల బలమూ బలహీనతా రెండూ లోకానికి తెలిశాయి. ఎన్నడూ ఇరాన్ చూడని అమెరికన్లు, యూరపు వాళ్లు రాత్రికి రాత్రి తమ కంప్యూటర్లలో స్క్విడ్ పెట్టి, ఐపీ అడ్రస్‌లనూ పోర్టు నంబర్లనూ ట్విటర్‌లో ప్రకటించారు. పరాయి దేశపు ప్రజల కోసం అంతమంది తమ ఇంటి తలుపులు తెరవడం గొప్ప విషయం, సందేహం లేదు. కానీ ట్విటర్‌ను ఇరాన్ అధికారులూ చదువుతారు. ప్రకటించిన అడ్రస్‌లు ప్రకటించినట్టే మూతపడ్డాయి. ఆ ఉద్వేగంలోంచే నిషేధాన్ని దాటించే హేస్టాక్ అనే సాఫ్ట్‌వేర్ పుట్టింది. పత్రికలు దాన్ని ఆకాశానికెత్తాయి. అప్పటికి దాని లోపలి నిర్మాణాన్ని స్వతంత్ర నిపుణులెవరూ పరీక్షించలేదు. 2010 సెప్టెంబరులో పరీక్షించినవాళ్లు, దాన్ని వాడేవాళ్లు దొరికిపోయే ప్రమాదం ఉందని తేల్చడంతో ఉపసంహరించుకోవలసి వచ్చింది. మంచి మనసు ఒక్కటే చాలదని, పొరపాటుకు మూల్యం చెల్లించేది ఇంకెవరో అని ఈ రంగంలో పనిచేసేవాళ్లు అప్పుడు గట్టిగా నేర్చుకున్నారు.

అందరికీ చెబుతూనే సెన్సార్‌కు చిక్కకుండా ఉండగలమా అన్న ప్రశ్నకు జపాన్‌లోని త్సుకుబా విశ్వవిద్యాలయం 2013లో చెప్పిన జవాబు ఈ చరిత్రలోకెల్లా తెలివైనది. నొబొరి దైయూ రూపొందించిన వీపీఎన్ గేట్ ఆ ఏడాది మార్చి 8న మొదలైంది. ప్రాక్సీ సాధారణంగా ఒక్క బ్రౌజర్ పనినే మోస్తే, వీపీఎన్ కంప్యూటర్ రాకపోకలన్నిటినీ ఎన్‌క్రిప్షన్‌లో చుట్టి మోస్తుంది. వాలంటీర్లు తమ కంప్యూటర్లను సర్వర్లుగా ఇస్తారు, వాటి జాబితా బాహాటంగానే ఉంటుంది. చైనా ఫైర్‌వాల్ ఆ జాబితాను తెచ్చుకుని అందులోని అడ్రస్‌లను మూయడం మొదలుపెట్టింది. అప్పుడు త్సుకుబా బృందం జాబితాలో తమకు సంబంధం లేని అడ్రస్‌లను కూడా కలిపింది. గుడ్డిగా జాబితా మొత్తాన్నీ మూస్తే సంబంధం లేని సర్వర్లూ మూతపడతాయి. కాబట్టి ఏది అసలైనదో తేల్చుకోవడానికి ఫైర్‌వాల్ ఒక్కొక్కదాన్నీ తట్టి చూడాలి. తట్టినప్పుడు తట్టినవాడి అడ్రస్ బయటపడుతుంది. వాలంటీర్ల సర్వర్లన్నీ ఆ సమాచారాన్ని పంచుకుని, అలాంటి తడుముళ్లకు జవాబివ్వడం మానేశాయి. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడూ ఉంటాడని ఊరికే అనలేదు. ఆ ఆగస్టు చివరికి రోజుకు సుమారు 3,000 మంది వాలంటీర్లు, 6,300 ఐపీ అడ్రస్‌లతో నడుస్తున్న ఈ వ్యవస్థలో 70 శాతం సర్వర్లను చైనా మూయలేకపోయింది. అదే సమయంలో ఆ ప్రాజెక్టు నిజాయితీగా ఒక మాట కూడా చెబుతుంది. కనెక్షన్ల వివరాలను అది నమోదు చేసి ఉంచుతుంది. అది నిషేధాన్ని దాటించే సాధనమే గానీ మనిషిని దాచే సాధనం కాదు.

తట్టి చూసే పద్ధతిని చైనా అప్పటికే, వాడుకరి జాడను దాచే టార్ నెట్‌వర్క్ రహస్య ద్వారాల మీద ప్రయోగిస్తోంది. లోపలి నుంచి ఎవరైనా అనుమానాస్పదమైన చోటికి కలిస్తే, కాసేపటికే ఫైర్‌వాల్ తరఫున ఇంకో కంప్యూటర్ ఆ చోటికి వెళ్లి, టార్ భాషలో పలకరిస్తుంది. బదులిస్తే ఆ ద్వారం పని అయిపోయినట్టే. దీనికి విరుగుడుగా ఏ పోలికా లేకుండా, అడ్డదిడ్డమైన అంకెల్లా కనబడే ఎన్‌క్రిప్షన్ వచ్చింది. 2012లో చైనాలోనే ఒక ప్రోగ్రామర్ రాసిన షాడోసాక్స్ ఈ బాటలో నడిచి విపరీతంగా వ్యాపించింది. 2015 ఆగస్టులో పోలీసుల ఒత్తిడితో ఆయన తన కోడ్‌ను తీసేయవలసి వచ్చినా, దాని ప్రతులు అప్పటికే లోకమంతా ఉన్నాయి. 2021 నవంబరు నుంచి ఫైర్‌వాల్ ఎత్తు మార్చింది. తెలిసిన ఏ ప్రోటోకాల్‌నూ, అంటే కంప్యూటర్ల సంభాషణ పద్ధతినీ పోలని రాకపోకలనే అనుమానించి ఆపడం మొదలుపెట్టింది. ఏ పోలికా లేకపోవడమే పట్టిచ్చే ఆనవాలైంది.

దాంతో అడ్రస్‌ను దాచడం కన్నా, మూస్తే మూసినవాడికే నష్టం కలిగే చోట నిలబడటం మేలన్న ఆలోచన బలపడింది. ఆ నష్టం ఎంతటిదో రష్యా 2018లో చూపింది. టెలిగ్రామ్‌ను ఆపబోయి అమెజాన్, గూగుల్ క్లౌడ్ అడ్రస్‌లను లక్షల సంఖ్యలో మూసింది. సంబంధం లేని సేవలు కుప్పకూలాయి, టెలిగ్రామ్ మాత్రం నడుస్తూనే ఉంది. 2020 జూన్‌లో ఆ నిషేధాన్నే ఎత్తేశారు. టార్ బృందం తయారుచేసిన స్నోఫ్లేక్ ఈ ఆలోచన మీదే నిలిచింది. వాలంటీర్ తన బ్రౌజర్‌లో చిన్న ఎక్స్‌టెన్షన్ పెట్టుకుంటాడు. నిషేధం ఉన్న దేశంలోని వాడుకరిని ఒక మధ్యవర్తి సర్వర్ ఈ వాలంటీర్‌తో కలుపుతుంది. రాకపోకలు వీడియో కాల్స్ వాడే సాంకేతికతలోనే సాగుతాయి కనుక, దాన్ని మూస్తే వీడియో కాల్సూ దెబ్బతింటాయి. వాలంటీర్లు వస్తూ పోతూ ఉంటారు కనుక అడ్రస్‌లు నిలకడగా ఉండవు, జాబితా అన్నదే లేదు. 2021 డిసెంబరులో రష్యా టార్‌ను అడ్డుకున్నప్పుడు స్నోఫ్లేక్ మాటతీరులోని ఒక తేడాను పట్టుకుంది. బృందం దాన్ని సరిదిద్దింది. 2022 శరత్కాలంలో పోలీసుల అదుపులో ఉన్న యువతి మహ్సా అమీనీ మరణం తర్వాత ఇరాన్ అట్టుడికినప్పుడు అక్కడ స్నోఫ్లేక్ వాడకం ఒక్కసారిగా పెరిగింది. సిగ్నల్ యాప్ 2021 ఫిబ్రవరిలో, వాట్సాప్ 2023 జనవరిలో తమ యాప్‌లలోనే ప్రాక్సీ సౌకర్యం కల్పించాయి. అడ్రస్‌ను బహిరంగంగా పెట్టవద్దని, అడిగినవాళ్లకు విడిగా పంపమని సిగ్నల్ తన వాలంటీర్లకు సూచించింది. 2009 నాటి పాఠం వృథా పోలేదు.

వీటన్నిటిలో మధ్యవర్తికి ఏం కనబడుతుందన్నది అసలు కొలబద్ద. సిగ్నల్ ప్రాక్సీ నడిపేవాడికి కనబడేది ఎన్‌క్రిప్షన్ చేసిన ముద్దే, సందేశం కాదు. స్నోఫ్లేక్ వాలంటీర్‌కూ అంతే. జాబితాల్లో దొరికే మామూలు ఉచిత ప్రాక్సీ సంగతి వేరు. తాళం గుర్తు లేని పేజీ అయితే అది చదవగలదు, మార్చగలదు, ప్రకటనలు చొప్పించగలదు. తాళం గుర్తు ఉన్నా ఏ సైటు, ఎప్పుడు, ఏ అడ్రస్ నుంచి అన్న మూడూ దానికి తెలుస్తాయి. నిరంకుశ దేశంలో ఒక మనిషిని జైలుకు పంపడానికి ఆ మూడూ చాలు. 2015లో ఒక ఆస్ట్రియా ప్రోగ్రామర్ 443 ఉచిత ప్రాక్సీలను పరీక్షిస్తే, 79 శాతం ఎన్‌క్రిప్షన్ ఉన్న పేజీలను రానివ్వడం లేదని తేలింది. 2024 మేలో అమెరికా న్యాయశాఖ మూయించిన 911 ఎస్5 వ్యవహారం మరీ దారుణం. ఉచిత వీపీఎన్‌లని నమ్మి జనం పెట్టుకున్న ప్రోగ్రాములు, వాళ్ల ఇంటి కంప్యూటర్లనే నేరగాళ్లకు అద్దెకిచ్చే ప్రాక్సీలుగా మార్చాయి. అలా చిక్కిన ఐపీ అడ్రస్‌లు 1.9 కోట్లకు పైనే. ప్రాక్సీ వాడుతున్నప్పుడు సైటు గుర్తింపు సర్టిఫికెట్ సరిగా లేదని బ్రౌజర్ హెచ్చరించినా, ఫలానా సర్టిఫికెట్ పెట్టుకోమని ప్రాక్సీయే అడిగినా అక్కడితో ఆగిపోవాలి. దాన్ని దాటి ముందుకెళ్తే తాళంచెవి దొంగ చేతికిచ్చినట్టే.

చట్టం సంగతి దేశానికో రకం. చైనాలో అనుమతి లేని దారిలో బయటి నెట్‌వర్క్‌కు కలిస్తే 15,000 యువాన్ల దాకా జరిమానా వేసే నిబంధన 1990ల నుంచీ ఉంది. వాడేవాళ్లను చాలావరకు చూసీచూడనట్టు వదిలి, అమ్మేవాళ్లను కఠినంగా శిక్షించడం అక్కడి తీరు. గల్ఫ్ విషయం తెలుగువాళ్లకు నేరుగా తగులుతుంది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో వాట్సాప్ కాల్స్‌కు అడ్డు ఉండటంతో, జగిత్యాల నుంచో కడప నుంచో వెళ్లిన కూలీ ఇంటితో మాట్లాడటానికి ఏదో ఒక ఉచిత వీపీఎన్ యాప్ దించుకోవడం ఏళ్ల తరబడి సాగుతోంది. నేరం చేయడానికో, నేరాన్ని కప్పిపుచ్చడానికో ఐపీ అడ్రస్ మార్చితే 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హమ్‌ల జరిమానా అని ఆ దేశం 2016లో చట్టాన్ని సవరించింది. బిడ్డ ముఖం చూడటానికి పెట్టుకున్న యాప్ ఈ చట్టం కిందికి వస్తుందో రాదో తెలియని భయంలో ఆ మనిషి బతకడం అన్యాయం.

మన దేశంలో ప్రాక్సీనీ వీపీఎన్‌నూ మొత్తంగా నిషేధించే కేంద్ర చట్టం లేదు. ఐటీ చట్టం 69ఎ సెక్షన్ కింద సైట్లను మూసే ఉత్తర్వులను మాత్రం 2009 నాటి నియమాలు గోప్యంగా ఉంచమంటాయి. ఎందుకు మూశారో చదువరికి తెలియదు. కశ్మీర్‌లో 2019 ఆగస్టులో నెట్ మొత్తం ఆపేసి, 2020 జనవరిలో 2జీ వేగంతో, ఎంపిక చేసిన కొద్ది వందల సైట్లకే అనుమతిచ్చినప్పుడు అక్కడివాళ్లు వీపీఎన్‌లను ఆశ్రయించారు. ఫిబ్రవరిలో పోలీసులు వాటి ద్వారా సోషల్ మీడియా వాడినవారి మీద ఉగ్రవాద వ్యతిరేక చట్టమైన ఉపా కింద కేసు పెట్టారు. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా విభాగం సెర్ట్-ఇన్, వీపీఎన్ సంస్థలు వాడుకరుల వివరాలను అయిదేళ్లు దాచి ఉంచాలని ఆదేశించడంతో కొన్ని పెద్ద సంస్థలు ఇక్కడి సర్వర్లను ఎత్తేశాయి. పేరున్న సంస్థ వెళ్లిపోతే జనం పేరూ ఊరూ లేని ఉచిత యాప్‌ల వైపు మళ్లుతారు. భద్రత కోసమన్న ఆదేశం భద్రత లేని చోటికే నెడుతుంది.

ప్రాక్సీ చేయలేనిది కూడా ఒకటుంది. 2019 నవంబరులో ఇరాన్ ప్రభుత్వం దాదాపు వారం రోజులు దేశాన్ని బయటి ఇంటర్నెట్ నుంచి తెంచేసింది. కశ్మీర్‌లో నెట్ పూర్తిగా ఆపిన నెలల్లోనూ అదే పరిస్థితి. తీగే తెగిన చోట ఏ మధ్యవర్తీ పనికిరాడు. అడ్డంకి ఉన్నా కనెక్షన్ బతికి ఉన్నంతవరకే ఈ సాధనాలకు విలువ.

ఈ సాధనాల్లో చాలా వాటికి అమెరికా ప్రభుత్వ నిధులే పెద్ద ఆధారం. 2025 మార్చిలో ఆ ప్రభుత్వమే ఆ నిధులను ఆపబోయింది. ఒక్క దేశపు ఖజానా మీద ఇంతమంది ఆశ నిలవడం మంచిది కాదు. ఖర్చు లేకుండా చేయగలిగిన సాయం వాలంటీర్లది. హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో, డాలస్‌లోనో ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉన్న తెలుగు కుటుంబాలు లక్షల్లో ఉన్నాయి. కంప్యూటరే జీవనోపాధి అయినవాళ్లు వాటిలో ఎందరో. స్నోఫ్లేక్ పెట్టుకుంటే ఆ ఇంటి అడ్రస్ నుంచి ఏ నిషేధిత సైటుకూ నేరుగా ఏమీ వెళ్లదు. అది టార్ నెట్‌వర్క్ తొలి మెట్టు దాకా చేరవేస్తుంది, అంతే. ఇతరుల కోసం పూర్తిస్థాయి ఓపెన్ ప్రాక్సీ నడపడంలో ఉన్న ప్రమాదం ఇందులో లేదు. స్థానిక నియమాలు ఒకసారి చూసుకుని, నెట్ ప్లాన్‌లో మిగులు ఉన్నవాళ్లు ఆ ఎక్స్‌టెన్షన్‌ను తమ బ్రౌజర్‌లో పెట్టి ఉంచాలి.